చెరువులో వదిలాక చేపపిల్ల ఎటు పోతుంది?

వానాకాలం వచ్చిందంటే మన ఫోన్లలో ఈ రీల్ తప్పకుండా కనిపిస్తుంది. చెరువు గట్టు మీద బండి ఆగుతుంది, ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులు దిగుతాయి, మూతి విప్పి చేపపిల్లల్ని నీళ్లలో పోసేస్తారు. చప్పట్లు, సెల్ఫీలు. ఆ తర్వాత ఆ పిల్లల సంగతేంటి?

సంచుల్లో ఎక్కువగా ఉండేవి బొచ్చె, రవ్వ (శీలావతి అన్నా ఇదే), మోసు. బుల్లి పిల్లలుగా ఉన్నప్పుడు మూడూ నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్నే తింటాయి. పెరిగేకొద్దీ అంతస్తులు పంచుకుంటాయి. ఏది ఎక్కడుంటుందో నోరు చూసి చెప్పేయొచ్చు. బొచ్చెకి నోరు పైకి తిరిగి ఉంటుంది, కాబట్టి పైనీళ్లు దానివి. అంచులు కుచ్చుల్లా ఉండే పెదవులతో రవ్వ మధ్యలో తిరుగుతూ నాచు గీక్కు తింటుంది. మోసు అడుగున బురదలో కుళ్లిన ఆకూ అలమూ వెతుక్కుంటుంది. ఒకే చెరువులో మూడింటినీ కలిపి వేసేది అందుకే.

నిజానికి ఇవి నదిచేపలు, నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి పిట్యూటరీ గ్రంథి రసంతో ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. హేచరీలన్నీ ఆ తర్వాతివే.

చిక్కంతా హేచరీ పెంపకంలోనే ఉంది. నర్సరీ చెరువులో కలుపు తీసేస్తారు, పురుగుల్నీ వేటచేపల్నీ ఏరేస్తారు, తవుడూ వేరుశనగ చెక్కా టైముకి వేస్తారు. అక్కడ పెరిగిన పిల్లకి శత్రువంటే ఏంటో తెలీదు, దాక్కోవడం రాదు. పెద్ద చెరువులో పడగానే గుంపుగా ఒడ్డునే తిరుగుతుంది. నీటికాకికి అంతకంటే ఏం కావాలి? కలుపుమొక్కల చాటున కొర్రమీను కూడా కాచుకుని ఉంటుంది. (తెలంగాణ రాష్ట్ర చేప ఇదే మరి!)

తెలంగాణ ఉచిత చేపపిల్లల పథకంలో సైజు లెక్క పెట్టింది ఇందుకే. ఏడాదంతా నీళ్లుండే జలాశయాలకి 80–100 మి.మీ. పిల్లలు, వేసవిలో ఎండిపోయే చెరువులకి 35–40 మి.మీ. పిల్లలు. అంగుళంన్నర పిల్లని రిజర్వాయర్‌లో పోస్తే వేటచేపలకి భోజనం పెట్టినట్టే. ఆ నష్టం వల వేసే మత్స్యకారుడిదే, డిసెంబర్ దాటాక గానీ బయటపడదు.

పోసే పద్ధతీ ముఖ్యమే. సంచిని విప్పకుండా 15–20 నిమిషాలు చెరువులో తేలనివ్వాలి, లోపలి నీళ్ల వేడీ బయటి నీళ్ల వేడీ సమానమవుతాయి. తర్వాత కొంచెం కొంచెంగా చెరువు నీళ్లు కలిపి, సంచి వంచితే పిల్లలే ఈదుకుంటూ బయటికొస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేయాల్సిన పని ఇది. రీల్స్‌లో మాత్రం ఎక్కువగా మిట్టమధ్యాహ్నమే కనిపిస్తుంది, అతిథులు వచ్చేది అప్పుడే కదా!