పేరు వ్రాసుకున్నాం, కబురు చేస్తాం

"కబురు చేస్తాం లెండి" అనే మాట మనకు కొత్త కాదు. దర్జీ రవికలు కుట్టడం కాగానే కబురు చేస్తానంటాడు. డాక్టరుగారి కాంపౌండరు కాగితం మీద పేరు వ్రాసుకుని, వంతు రాగానే పిలుస్తానంటాడు. పిల్లను చూచి వెళ్ళిన పెళ్ళివారు కబురు చేస్తామన్నారంటే మాత్రం ఇక రాదనే అర్థం. వారి సంగతి వేరు. పేరు వ్రాసుకోవడం ఎంతసేపు? ఆ పేరుగల మనిషి ఇంకా బల్లమీద కూర్చునే ఉన్నాడా, విసిగి ఇంటికి పోయాడా అని కనిపెట్టి ఉండడమే అసలు తలనొప్పి. పోయినవాడి పేరే పట్టుకుని కాంపౌండరు పిలుస్తూ కూర్చుంటే, వెనక ఉన్న జ్వరం మనిషి గతి ఏం కావాలి?

మీ చేతిలో ఉన్న ఫోనులో సరిగ్గా ఈ కథే రాత్రింబగళ్ళు నడుస్తున్నది. ఫోనులకు ప్రోగ్రాములు వ్రాయడమే నా బ్రతుకుతెరువు గనుక, ఆ లోపలి భాగోతం కాస్త విప్పి చెబుతాను. భయపడకండి, లెక్కలు లేవు.

ఆండ్రాయిడ్ ఫోనులో మామూలుగా ఒక్కొక్క యాప్‌కు ఒక్కొక్క ఇల్లు. దానిని ప్రాసెస్ అంటారు. గోడలకు కిటికీలు లేవు. ఒకరి వంటింట్లో ఏముడుకుతున్నదో పక్కవారికి తెలియదు, తెలియకూడదు కూడా. మీ బ్యాంకు యాప్ లోపలిది పిల్లవాడి ఆటల యాప్ చూడగలిగితే ఇంకేమైనా ఉందా? అందుచేత ఒక ఇంటివారు మరో ఇంటివారికి ఏ ముక్క చెప్పాలన్నా బైండర్ అనే తపాలా బంట్రోతు ద్వారానే చెప్పాలి. ఈ బంట్రోతు వంశం పాతదే. ఆండ్రాయిడ్ కంటె ముందు అమెరికాలో బీ అనే కంపెనీలో పుట్టి, 2001లో ఆ కంపెనీ ఆస్తులను పామ్ కొన్నప్పుడు అక్కడికి చేరి, తరువాత గూగుల్‌లో కొత్త అవతారం ఎత్తింది. ఆ మూడుచోట్లా దానితో పనిచేసిన ఇంజనీర్లలో డయాన్ హ్యాక్‌బోర్న్ అనే ఆవిడ పేరు మావాళ్ళు గౌరవంగా చెప్పుకుంటారు.

తెరమీద కనబడకుండా లోలోపల పని చేసుకునేదాన్ని సర్వీస్ అంటారు. దాని దగ్గరకు యాప్‌లు వచ్చి, "ఫలానా సంగతి జరిగితే నన్ను పిలవండి" అని పేర్లు వ్రాయించుకుంటాయి. ఆ తిరుగు పిలుపే కాల్‌బ్యాక్.

మా మిత్రుడొకాయన తల్లిగారికి డెబ్భయి దాటాయి. ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. భుజానికి బిళ్ళలాంటి పరికరం అంటించారు. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ అది అయిదేసి నిమిషాలకు ఒకసారి ఫోనుకు చెబుతుంది. ఆ అంకెను అందుకునేది ఒక సర్వీస్. దాని దగ్గర మూడు యాప్‌లు పేర్లు వ్రాయించుకున్నాయి. మొదటిది గ్రాఫు గీసేది, రెండవది అంకె 70కి దిగితే సైరను మోగించేది, మూడవది కొడుక్కి సందేశం పంపేది.

ఒకనాటి రాత్రి ఫోనులో మెమరీ చాలలేదు. ఎవరూ చూడని గ్రాఫు యాప్‌ను ఆండ్రాయిడ్ చంపేసింది. అందులో దాని తప్పేమీ లేదు, రోజూ చేసే పనే. అయితే అలా చచ్చే యాప్‌కు "నా పేరు కొట్టివేయండి" అని చెప్పే వ్యవధి ఉండదు. సర్వీస్ పుస్తకంలో మొదటి పేరు అలాగే ఉండిపోయింది. కొత్త అంకె రాగానే సర్వీస్ మొదటి పేరు పిలిచింది. చిరునామాదారు లేరని బైండర్ చీటీ తిప్పి పంపింది. అలాంటి చీటీ వస్తే ఏం చేయాలో ప్రోగ్రాము వ్రాసినవారు ముగ్గురికీ కలిపి ఒకేచోట వ్రాశారు: చిట్టాలో నమోదు చేసి, అంతటితో ముగించమని. అది అలాగే ముగించింది. మళ్ళీ అయిదు నిమిషాలకు మళ్ళీ అదే. చక్కెర 70 దిగింది, ఇంకా దిగింది. సైరను యాప్ మెలకువగానే ఉన్నది. దాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి పెద్దావిడ తనంతట తానే లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పంచదార నోట్లో వేసుకున్నారు.

మర్నాడు మిత్రుడు వచ్చి, "సైరను పాడయినట్టుందోయ్, కాస్త చూడు" అన్నాడు. ఆ ప్రోగ్రాము ఎవరైనా చదువుకోవడానికి వీలుగా బయట పెట్టినదే. సాయంత్రానికి చదివి, "సైరను నిక్షేపంగా ఉంది. వరుసలో దానికి ముందున్నవాడు పోయాడు" అన్నాను.

ఈ జబ్బుకు మందు 2008లో ఆండ్రాయిడ్ పుట్టినప్పటినుంచీ ఇంట్లోనే ఉన్నది. రిమోట్ కాల్‌బ్యాక్ లిస్ట్ అని దాని పేరు. చావు కబురు చల్లగా చెప్పినట్టు అంటాం కదా, ఈ పుస్తకం ఆ చల్లదనాన్ని ఒప్పుకోదు. పేరు వ్రాసుకునేటప్పుడే బైండర్‌తో, "ఈ ఇంటివారు పోతే వెంటనే నాకు చెప్పు" అని ఒప్పందం చేసుకుంటుంది. ఇల్లు కూలగానే కబురు వస్తుంది, పేరు కొట్టివేత అయిపోతుంది. ఆ కబురు అందేలోపు ఒక పిలుపు వృథా కావచ్చు గనుక, చీటీ తిరిగివస్తే ఏం చేయాలన్నది ఒక్కొక్క పేరుకూ విడివిడిగా వ్రాసుకోవాలి. ఒకడి చావు పక్కవాడి కబురును ఆపకూడదు.

ఆ పుస్తకంలో మరో సుగుణం ఉన్నది. పక్క ఇంటివారు ఎప్పుడూ స్వయంగా రారు. వారి తరఫున ఒక ప్రతినిధి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ కొత్త ప్రతినిధి! పెద్దబ్బాయి వచ్చి పాలఖాతా పెట్టించి, నెల తిరిగాక చిన్నబ్బాయి వచ్చి మూసెయ్యమంటే, "నీ ముఖం నేనెరగను" అని పాలవాడు రోజూ పోసిపోతే ఎలా ఉంటుంది? మామూలు జాబితా పెట్టుకున్న ప్రోగ్రాములు అచ్చంగా ఇలాగే చేస్తాయి. ఈ పుస్తకం ముఖాలు చూడదు, ఇంటి నంబరు చూస్తుంది. ప్రతినిధి వెనకనున్న బైండర్ వస్తువే ఆ నంబరు.

ఇక, చచ్చినవాడికంటె నిదానస్తుడు ప్రమాదం. మామూలు పిలుపులో సర్వీస్ జవాబు వచ్చేదాకా గుమ్మంలో నిలబడుతుంది. లోపలివారు తాపీగా బయటికి వచ్చేలోపు వెనక వరుసంతా పడిగాపులు. కబురు చెప్పి వచ్చేయడానికి వన్‌వే అనే పద్ధతి ఉన్నది. చక్కెర అంకె చెప్పడానికి జవాబెందుకు? గుమ్మంలో పడేసి సాగిపోవడమే మేలని నా అభిప్రాయం.

చావూ కాని, మెలకువా కాని మూడో స్థితి కూడా వచ్చింది. 2020లో విడుదలైన ఆండ్రాయిడ్ 11 తరం నుంచి, వాడకంలో లేని యాప్‌లను చంపకుండా గడ్డకట్టించి ఉంచడం మొదలయింది. చావు కబురు రాదు, ఎందుకంటే చావలేదు. జవాబు కోరి పిలిస్తే ఆ పిలుపే దాని ప్రాణం తీస్తుంది. వన్‌వే ఉత్తరాలయితే గుమ్మంలో పేరుకుంటాయి. ఒక ఇంటి తపాలాపెట్టె మొత్తం 1 మెగాబైటే, అది నిండితే కూడా చావే. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో ఈ పుస్తకానికే ఒక సదుపాయం చేర్చారు. గడ్డకట్టినవాడి ఉత్తరాలు అన్నీ దాచాలా, తాజాది ఒక్కటే దాచాలా, పారెయ్యాలా అన్నది వ్రాసేవారే ఎంచుకోవచ్చు.

మా మిత్రుడి ఫోనులో గ్రాఫుకు అన్నీ దాచేటట్టు పెట్టాం, గీతలో సందు పడకూడదు గదా. సైరనును మాత్రం అసలు గడ్డకట్టనివ్వలేదు. అది ఎప్పుడూ పనిలో ఉన్నట్టు తెరపై అంచున చిన్న గుర్తు కనబడుతూ ఉంటుంది. "ఆ బొమ్మ ఎందుకురా, తీసెయ్యరాదూ" అని పెద్దావిడ రెండుసార్లు అడిగారట. కొడుకు ఒప్పుకోలేదు.