పెరటి పద్దు

బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు ఇవ్వడం 2015 సెప్టెంబరులో మొదలైంది. దానివల్ల దేశానికి ఏం ఒరిగిందో నాకు తెలియదు గాని, మా అమ్మకు మాత్రం నెలకు రెండుసార్లు కొడుకు కనిపిస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం పార్వతీపురంలో క్యాష్ లెక్క చూసుకుని, తాళాలు అప్పజెప్పి, బంధుగాం మీదుగా నారాయణపట్న చేరేసరికి రాత్రి భోజనాల వేళ దాటిపోతుంది. అమ్మ పడుకోదు. వీధరుగు మీద కూర్చుని, "ఇంత ఆలీసెం అయిపోయిందేటి?" అంటుంది. నేను ఏ వేళకు వచ్చినా అదే మాట.

మన పత్రిక సంపాదకులు నన్ను పొదుపు పథకాల మీద వ్యాసం రాయమన్నారు. పొదుపు గురించి ఇదివరకే రెండుసార్లు రాశాను. చదివినవారెవరూ ఇంతవరకు నాకు తారసపడలేదు. అందుకని వారి అనుమతితో ఈసారి మా అమ్మ పెరడు గురించి రాస్తున్నాను.

మా ఊరు ఎక్కడుందో చాలామందికి తెలియదు. ఒడిశాలో, కొరాపుట్ జిల్లాలో, జంఝావతి ఒడ్డున ఉంది. ఈ నీళ్ళే కిందకు దిగి కొమరాడ మండలంలో 2006లో కట్టిన రబ్బరు డ్యాం దగ్గర ఆగి మన పొలాలకు మళ్ళుతాయి, మిగిలినవి నాగావళిలో కలుస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో భాగమే. అందుకే మా వీధిలో తెలుగు, ఒడియా, కోదుల కువి భాష మూడూ వినిపిస్తాయి. మా అమ్మ ఆవుతో తెలుగులోనూ, కూరల బేరం ఒడియాలోనూ మాట్లాడుతుంది. కువి అర్థమవుతుంది, మాట్లాడటానికి సిగ్గు.

అమ్మకు 77 ఏళ్ళు. ఇల్లూ పెరడూ కలిపి నలభై సెంట్లు. అందులో ఒక నుయ్యి, రెండు పనసచెట్లు, ఒక చింత, ఒక దబ్బచెట్టు, నూతి గట్టున అరటి, పందిరి మీద ఆనప, బీర, చిక్కుడు పాదులు, గోడవారన కంద, దాని పక్కనే బచ్చలి (కందా బచ్చలీ పక్కపక్కనే ఉంటే కూరకు ఒక్కసారి వంగితే చాలట), వాలున రెండు మడులు పసుపు, ఒక మడి అల్లం. ఒక నాటు ఆవు, ఎప్పుడూ లెక్క తేలని కోళ్ళు.

శనివారం పొద్దున్న నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ కళ్ళాపి చల్లి, పేడ తీసి, పాలు పితికి, తరవాణి కుండ మూత తీసి ఉంటుంది. తరవాణి అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. గంజీ కడుగునీళ్ళూ పోసి పులియబెట్టిన కుండ అది. అందులో రాత్రి అన్నం వేసి, దబ్బాకు నలిపి వేసి, ఉప్పు కలిపి పొద్దున్నే పచ్చిమిరపకాయో ఉల్లిపాయో నంజుకుంటూ తింటాం. దాదాపు ఇదే పద్ధతిని ఒడియావారు పఖాళ అంటారు. మార్చి 20న దానికి ఒక పండగ రోజు కూడా పెట్టుకున్నారు. మన తరవాణికి ఏ రోజూ పెట్టలేదని నేనంటే, "రోజూ తింటే రోజు పెట్టక్కర్లేదు" అంది అమ్మ. వేసవిలో అయితే చోడి అంబలి. ఈ చోళ్ళనే ఇక్కడ మండియా అంటారు. నా చిన్నప్పుడు అవి తినడం లేమికి గుర్తు, చుట్టాలొస్తే కుండ దాచేసేవాళ్ళం. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ పెట్టాక, ఆ తరువాత 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక, మా మేనేజరుగారు నన్నే రెండు కిలోలు తెమ్మన్నారు.

ఇక పనసపొట్టు. దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పనివ్వండి. లేత కాయ కోసి, చేతులకూ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసి, ముక్కను చెక్క మీద పెట్టి కత్తితో టకటకా కొట్టాలి. తురమకూడదు, కొట్టాలి. పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, నీరు గట్టిగా పిండి, చింతపండు పులుసులో మగ్గనిచ్చి, ఇంగువ, ఎండుమిర్చి, మినప్పప్పు, పల్లీలు దండిగా వేసి పోపు పెట్టాలి. దింపి, వేడి తగ్గాక ఆవముద్ద కలపాలి. వేడిమీద ఆవ కలిపితే చేదెక్కిపోతుంది. నేను ఒకసారి తొందరపడి ఆ పని చేశాను. అమ్మ ఏమీ అనకుండా తన విస్తట్లో వేసుకుని తినేసింది. తిట్టినా బాగుండేది.

మా ఇంటి వెనక బాట దాటితే ఒక కోదుల ఇల్లు. ఆ ఇంటి కోడలు వానాకాలంలో లేత వెదురు కొమ్ములు తరిగి తెచ్చి ఇస్తుంది. ఒడియాలో కరడి అంటారు. పులిస్తే ఆ వాసన వీధి చివరికి వెళుతుంది. చాలా ఏళ్ళు అమ్మ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. ఇప్పుడు ఉడకబెట్టి నీళ్ళు పారబోసి, పనసపొట్టు లాగే ఆవ పెట్టి వండుతోంది. ఆ కోడలు రుచి చూసి నవ్వి, "ఇది మా కూర కాదు, మీదీ కాదు" అంది. బదులుగా అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు వస్తుంటాయి. మా ఇంట్లో స్టీలు కంచాలు అలమరలోనే ఉండిపోయాయి.

నేను కామర్సు చదివినవాణ్ణి. 1993లో ఉద్యోగంలో చేరగానే నాకు అప్పజెప్పిన పని ఐ.ఆర్.డి.పి. పశువుల రుణాలు. రెండు పాడి పశువుల యూనిట్. మొదటిది ఇచ్చిన ఆరు నెలలకు రెండోది. ఇన్ని లీటర్ల పాలు, ఇంత దాణా, ఇంత నికరాదాయం, ఇన్ని వాయిదాలు. గిరిజనులకు సగం సబ్సిడీ. 1999లో ఆ పథకం స్వర్ణజయంతి పథకంలో కలిసిపోయేదాకా ఎన్ని ప్రాజెక్టు రిపోర్టుల మీద సంతకం పెట్టానో! వాటిలో ఒక్కదానిలోనూ, దూడ చనిపోతే తల్లి పాలు చేపదనీ, ఈగలు ముసిరితే పొగ వేయాలనీ, పితికే మనిషి ఊరెళితే ఆవు ఊరుకోదనీ రాసిన వరస లేదు. మా అమ్మ ఆవు పూటకు లీటరున్నర ఇస్తే గొప్ప. నా లెక్క ప్రకారం దానికి రుణం పుట్టదు.

ఒకసారి సెలవుల్లో తెల్లకాగితం మీద పెరటికి లాభనష్టాల పట్టిక వేశాను. తవుడు, చెక్క, తాళ్ళు, పాదులకు కర్రలు ఒక పక్క. పాలు, గుడ్లు, కూరలు, పసుపు ఇంకో పక్క. వీధిలోవాళ్ళకు ఊరికే ఇచ్చేసిన ఆనపకాయలు, మజ్జిగ నష్టం కింద రాశాను. అమ్మకు చదివి వినిపిస్తే అంతా బుద్ధిగా విని, "ఆ నష్టం అన్నావే, అది తీసీ. అది నష్టం కాదు" అంది. "మరి ఏ పద్దు కింద రాయమంటావు?" అన్నాను. "రాయొద్దు" అంది.

నిజమైన నష్టం నేను తెచ్చిపెట్టినదే. మూడేళ్ళ కిందట సంతలో రంగురంగుల కోడిపిల్లలు చూసి ముచ్చటపడి ఆరు కొని, అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చి తిన్నగా అమ్మ గంపలో వదిలేశాను. కొత్త పిల్లల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచాలన్న సంగతి రుణాల ఫారాల వెనక అచ్చువేసే ఉంటుంది. నాలుగో రోజుకు కొక్కెర తెగులు. పచ్చటి విరేచనాలు, మెడలు వంకర్లు పోయి, రెక్కలు వాలేసి, వారంలో పదిహేడింటిలో పద్నాలుగు పోయాయి. అమ్మ పేర్లు పెట్టి పిలుచుకునే పెట్టలు. నేను ఫోనులో క్షమించమంటే, "నువ్వు ముచ్చటపడి తెచ్చావు" అంది, అంతే. నెల గడిచాక వెనకింటి కోడలు తన పొదుగుపెట్టను పదకొండు గుడ్లతో సహా బుట్టలో తెచ్చి మా చూరు కింద పెట్టింది. ఇరవై ఒక్క రోజులకు తొమ్మిది లేచాయి. ఏడో రోజున పశువుల ఆస్పత్రి నుంచి లసోటా మందు ఐస్‌లో పెట్టి తెచ్చి ఒక్కో పిల్ల కంట్లో ఒక్కో చుక్క నేనే వేశాను. నా ఉద్యోగంలో ఏ సంతకమూ అంత జాగ్రత్తగా పెట్టలేదు.

ఆ కోడలు మాకు ఎందుకిలా చేస్తుందో చెప్పాలంటే, ఇష్టం లేకపోయినా మా పాత సంగతి ఒకటి చెప్పాలి.

ఇప్పుడు నలభై సెంట్లన్నాను గదా. ఒకప్పుడు లక్షా ఇరవై వేలు ఉండి ఇప్పుడు నలభై వేలు మిగిలిన ఖాతాలాంటిది అది. మిగిలిన ఎనభై సెంట్లు కొండ దిగువన గెడ్డ పారే చోట, మెట్లుమెట్లుగా కట్టిన మడి. ఇక్కడ అలాంటి భూమిని జోలా అంటారు. ఏడాది పొడుగునా తడి ఆరదు. మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. 1978లో ఆయన ఆ వెనకింటి పెద్దాయనకు 600 రూపాయలూ, కొన్ని కుంచాల చోళ్ళూ అప్పిచ్చి, అది తీరలేదని ఆ మడి రాయించుకున్నారు. రాయించుకోవడమంటే తెల్లకాగితం మీద ఒక వేలిముద్ర. ఆ మడిలో పండిన సన్నటి, నల్లటి ఊకతో ఉండే కాలాజీర బియ్యం తింటూ పెరిగాను. అన్నం ఉడుకుతుంటే వాసన వీధిలోకి వచ్చేది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడూ, ఈ నేల వరి విత్తనాలు కాపాడిన కమలా పూజారిగారికి 2019లో పద్మశ్రీ వచ్చినప్పుడూ, 2024లో కొరాపుట్ కాలాజీరకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడూ, నాకు మొదట గుర్తొచ్చింది ఆ వాసనే. వెంటనే ఆ వేలిముద్ర.

ఒడిశాలో షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమిని అనుమతి లేకుండా ఇతరులు తీసుకోవడం చెల్లదని 1956లోనే రెగ్యులేషన్ వచ్చింది. 2002 నుంచి అది ఇంకా కట్టుదిట్టమైంది. తాకట్టు పెట్టే భూమికి లింకు దస్తావేజులు ముప్ఫై ఏళ్ళ వెనక్కి వెళ్ళి వెతకడం నా వృత్తి. ఎంతమంది కాగితాలు వెనక్కి పంపానో! మా ఇంటి బీరువాలోని కాగితం ఒక్కసారీ తీసి చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసు గనకే చూడలేదు.

2009లో మా ప్రాంతంలో చాసీ ములియా ఆదివాసీ సంఘం పేరుమీద భూముల ఉద్యమం లేచింది. నవంబరు 20న పోలీసు స్టేషను దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు ఆదివాసీలు చనిపోయారు. గిరిజనేతర కుటుంబాలు చాలా ఊరు విడిచి వెళ్ళాయి. నాన్నగారు అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే పోయారు. నేను వెళ్ళి అమ్మను తీసుకొచ్చేశాను. ఆవును విప్పి వదిలేసి, తలుపులకు తాళం వేసుకుని వచ్చాం. పార్వతీపురం క్వార్టర్లో రెండో అంతస్తు. అమ్మ బాల్కనీలో డబ్బాలో మెంతికూర జల్లింది, మొలిచింది, అయినా కోయలేదు. మూడు నెలలు అలాగే గడిపింది.

మేము తిరిగి వెళ్ళేసరికి ఆవు కొట్టంలోనే ఉంది, కడుపు నిండా మేసి. పెరట్లో పాదులు తడిగా ఉన్నాయి. ఆ మూడు నెలలూ రోజూ వెనకింటి కోడలు వచ్చి మేత వేసి, నీళ్ళు పోసి వెళ్ళింది. మనం ఎవరి మడి తిన్నామో ఆ ఇంటి కోడలు! అమ్మ ఆ పూట వంట చేయలేదు. మర్నాడు పొద్దున్న బీరువా తీసి, ఆ కాగితం కొంగున కట్టుకుని, ఒక్కతే బాట దాటి వెళ్ళి ఇచ్చేసి వచ్చింది.

అన్నయ్య చాలా కోప్పడ్డాడు. నేను కోప్పడలేదు గాని, "కొంచెం ఆగితే బాగుండేదేమో, ప్రభుత్వం ఏమంటుందో చూద్దాం" అన్నాను. మనసులో మాత్రం ఎనభై సెంట్లకు సెంటు ధర వేసుకుంటూనే ఉన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. అమ్మ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది: "మీ నాన్న బాకీ నాను తీర్చీసాను. మీకు మిగల్లేదు." ఉన్న ఇంటి స్థలానికి రిజిస్టరు కాగితం ఉంది, చూశాను. నాన్నగారు 1974లో ఒక గిరిజనేతరుని దగ్గర కొన్నది. అతనికి ముందు ఎవరిదో ఆ కాగితంలో లేదు.

ఇంతకుముందు ఆ కోడలు అమ్మను "సావుకారమ్మా" అనేది. ఇప్పుడు "అక్కా" అంటుంది. వాళ్ళు కోతలయ్యాక పుష్య పర్వానికి ఒక మానెడు కొత్త బియ్యం తెస్తుంది. అమ్మ డబ్బు ఇవ్వబోతే తీసుకోదు, సంక్రాంతి అరిసెలు మాత్రం పిల్లలకు పట్టుకెళుతుంది. మిగతా ఏడాదంతా మేం బియ్యం కొనుక్కునే తింటున్నాం. నా పట్టికలో ఇప్పుడది ఖర్చు కింద ఉంది.

ఆదివారం మధ్యాహ్నం నా సంచీ సర్దడం ఒక పెద్ద వ్యవహారం. అడుగున కంద, దానిమీద ఆనపకాయ, పక్కన తడిగుడ్డలో చుట్టిన బచ్చలి, పైన ఊకలో పెట్టిన గుడ్లు. "మేనేజరికి చోడిపిండి మర్చిపోకు" అని మూడుసార్లు. మోసి తెచ్చే కూలి కలిపితే పార్వతీపురం బజారులోనే చవక. ఆ మాట పైకి అనను.

పోయినసారి బయల్దేరుతుంటే అమ్మ ఆవు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఇంకా ఇరవై రోజులుంటుందంది. నాలుగో శనివారానికి నాకు జున్ను దొరుకుతుంది. పెయ్య పుడితే మాత్రం ఆశ పెట్టుకోవద్దంది. వెనకింటి కోడలి కూతురికి వచ్చే వేసవిలో పెళ్ళట. ఆ పెయ్యను ఇస్తానని అమ్మ అప్పుడే మాట ఇచ్చేసింది.