గాలి మోసే బరువు

కారు బరువును మోసేది రబ్బరు కాదు, దాని లోపల బిగించి పెట్టిన గాలి. 1,100 కిలోల చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఒక్కో చక్రం మీద సగటున 275 కిలోలు పడతాయి. టైరులో 33 పీఎస్‌ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోల ఒత్తిడి అన్నమాట. ఆ లెక్కన 275 కిలోలు నిలవాలంటే దాదాపు 120 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలకు ఆనాలి. అంటే వేళ్లు దగ్గరికి చేర్చిన అరచేయంత జాగా. ఇంజన్ ఎంత శక్తిమంతమైనదైనా, బ్రేకులు ఎంత గట్టివైనా, వాటి పనితనమంతా అలాంటి నాలుగు జాగాల గుండానే రోడ్డుకు చేరాలి. పంక్చరైనా, వేగం కోసం చేసే మార్పులైనా చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి.

గాలిని చక్రానికి తొడగాలన్న ఆలోచన మోటారు కారు కన్నా పాతది. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం చేసి, దానిపై తోలు తొడిగి, గుర్రబ్బండి చక్రాలకు అమర్చాడు. బండి చప్పుడు లేకుండా, తేలిగ్గా సాగింది. కానీ గుర్రబ్బండి వేగానికి అంత సుఖం అవసరమని ఎవరికీ తోచలేదు. చార్లెస్ గుడ్ఇయర్ గంధకంతో రబ్బరును ఉడికించి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టి అప్పటికి కొన్నేళ్లే అయింది. మంచి రబ్బరు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. థామ్సన్ పేటెంటు మరుగున పడిపోయింది.

నలభై ఏళ్ల తర్వాత, 1887లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి గొట్టాలు కట్టాడు. మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ పాత పేటెంటు బయటపడడంతో అది తర్వాత చెల్లకుండా పోయింది. అయినా ఈసారి కాలం కలిసొచ్చింది. సైకిలు తొక్కేవాళ్లకు ప్రతి గతుకూ ఒంటికి తగిలేది. పందేల్లో గాలి టైర్లు గెలవడం మొదలయ్యాక గట్టి రబ్బరు చక్రాలు వెనకబడ్డాయి.

గాలితోపాటే పంక్చరూ వచ్చింది. డన్‌లప్ టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవారు. చిన్న ముల్లు గుచ్చుకున్నా మొత్తం ఊడదీసి, బాగుచేసి, మళ్లీ అంటించాలి. అలాంటి సైకిలొకటి ఫ్రాన్సులోని క్లెర్మాంఫెరాఁలో మిషలాఁ సోదరుల రబ్బరు కర్మాగారానికి వచ్చింది. బాగుచేయడానికి మూడు గంటలు పట్టింది, జిగురు ఆరడానికి ఓ రాత్రి పట్టింది. తెల్లారి తొక్కి చూస్తే టైరు మళ్లీ చతికిలపడింది. ఊడదీసి మళ్లీ బిగించగల టైరు కావాలని ఎడ్వార్ మిషలాఁకు అప్పుడు తోచింది. 1891లో దానికి పేటెంటు వచ్చింది. ఆ ఏడాదే దాదాపు 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ తెరోఁ ఆ టైర్లతో మూడు రోజుల లోపే గమ్యం చేరి గెలిచాడు. ఆ గెలుపులో టైరు పట్టు కన్నా దాన్ని తొందరగా బాగుచేయగలగడమే ఎక్కువ పనికొచ్చింది.

1895 నాటి పారిస్-బోర్డో-పారిస్ పందెంలో మిషలాఁ సోదరులు గాలి టైర్లను కారుకు ఎక్కించారు. దారి పొడుగునా పంక్చర్లే, వాళ్లు చాలా ఆలస్యంగా చేరారు. కానీ కారు కూడా గాలి మీద నడుస్తుందని తేలిపోయింది. 1904లో వేల్స్‌లోని లానెల్లీ పట్టణపు స్టెప్నీ వీధి నుంచి డేవీస్ సోదరులు అదనపు చక్రం అమ్మకం మొదలుపెట్టారు. అంతకు ముందు పంక్చరయితే రోడ్డు పక్కనే టైరు విప్పుకోవాలి. 1910ల్లో రబ్బరులో మసి కలపడం మొదలయ్యాక టైరు అరుగుదల బాగా తగ్గింది. అంతకు ముందు లేతరంగులో ఉండే టైరు నల్లబడింది కూడా అందుకే.

టైరు చరిత్రలో అసలైన మలుపు మాత్రం రేడియల్‌దే. పాత టైర్లలో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఉండేవి. చక్రం తిరిగినప్పుడల్లా ఆ పొరలు ఒరుసుకుని వేడెక్కేవి. పక్కభాగం (సైడ్‌వాల్) వంగితే నేలకు ఆనే భాగమూ (ట్రెడ్) మెలిపడేది. 1946లో మిషలాఁ కంపెనీ పేటెంటు తీసుకున్న టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా వెళ్లాయి. వాటిపై ఉక్కు తీగల పట్టీ ట్రెడ్ కింద చుట్టూ బిగిసి ఉంది. దాంతో సైడ్‌వాల్ తన పాటికి తాను వంగింది, ట్రెడ్ నేల మీద చదునుగా నిలిచింది. 1949లో ‘ఎక్స్’ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది.

గాలి బరువును ఎలా మోస్తుందో రేడియల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి ఒత్తిడి దారాలను సాగదీస్తుంది, ఆ దారాలు రిమ్మును చుట్టూ అన్ని వైపులా లాగుతుంటాయి. నేలకు ఆనిన చోట సైడ్‌వాల్ ఉబ్బి, కిందికి లాగే బలం తగ్గుతుంది. పైభాగంలో లాగుడు ఎప్పట్లాగే ఉంటుంది. ఆ తేడాయే చక్రాన్ని పైకి నిలబెడుతుంది. గాలి తగ్గితే సైడ్‌వాల్ మరీ ఎక్కువగా వంగుతుంది, దారాలు వేడెక్కి తెగుతాయి. గాలి తక్కువున్న టైరు హైవే మీద పేలడానికి తరచూ ఇదే కారణం.

1947లో అమెరికాలోని గుడ్‌రిచ్ కంపెనీ ట్యూబు లేని టైరును ప్రకటించింది. ట్యూబుకు మేకు దిగితే గాలి ట్యూబుకూ టైరుకూ మధ్యకు చేరి క్షణాల్లో బయటికి పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపేది లోపలి గోడకు అతికిన బ్యూటైల్ రబ్బరు పొర. అది మేకును గట్టిగా పట్టి ఉంచుతుంది, గాలి మెల్లగా జారుతుంది. అందుకే మేకు కంటపడగానే పీకేయడం తప్పు. అది ఉన్నంతసేపే పంక్చర్ షాపు దాకా వెళ్లే వీలుంటుంది. షాపులో సబ్బు నీళ్లు పోసి బుడగలు వచ్చే చోటు పట్టుకుంటారు. మేకు పీకి, గరుకు పుల్లతో రంధ్రాన్ని శుభ్రం చేసి, జిగురు పూసిన రబ్బరు పట్టీని సూదికి ఎక్కించి లోపలికి దించుతారు. రోజువారీ నడకకు ఇది సరిపోతుంది. వేగంగా నడిచే కారుకు మాత్రం టైరు విప్పి, లోపలి నుంచి కాడ ఉన్న ప్యాచ్ వేయించడమే మంచిది. నీరు ఉక్కు పట్టీలోకి దిగకుండా ఆపేది అదే. రంధ్రం 6 మిల్లీమీటర్లు మించినా, సైడ్‌వాల్‌లో ఉన్నా ఆ టైరు మార్చాల్సిందే. ప్రతి చుట్టులో వంగే చోట ఏ అతుకూ నిలవదు.

ఇక వేగం కోసం చేసే మార్పుల సంగతి. పదును పెంచిన హ్యాచ్‌బ్యాక్ ఎంత దూరం వచ్చిందో చూడడానికి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మంచి ఉదాహరణ. 1976లో అమ్మకానికి వచ్చిన మొదటి జీటీఐకి 110 హార్స్‌పవర్ ఇంజన్, 13 అంగుళాల రిమ్ముల మీద 175/70 టైర్లు ఉండేవి. 175 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అనేది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు శాతం. అంటే ఎత్తు సుమారు 122 మి.మీ. ఇప్పటి 265 హార్స్‌పవర్ జీటీఐకి 18 అంగుళాల రిమ్ము మీద 225/40 టైర్లు వస్తాయి. అక్కడ సైడ్‌వాల్ 90 మి.మీ. మాత్రమే.

వెడల్పు టైరు వేస్తే నేలను తాకే విస్తీర్ణం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. గాలి ఒత్తిడి అంతే ఉంటే విస్తీర్ణం పెద్దగా మారదు, ఆకారమే మారుతుంది. పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది. దానివల్ల స్టీరింగు తిప్పగానే కారు తొందరగా స్పందిస్తుంది, మలుపులో తక్కువగా జారుతుంది. వర్షంలో మాత్రం వెడల్పు టైరుకు నీటిని పక్కకు తోయడం కష్టం, తొందరగా నీటి పైకి తేలుతుంది.

ఇంజన్ ట్యూనింగుకు డబ్బు పెట్టే ముందు మంచి టైర్లు కొనడమే తెలివైన పని. మెత్తటి రబ్బరు పట్టు పెంచుతుంది, తొందరగా అరుగుతుంది. 1992లో మిషలాఁ మసి స్థానంలో సిలికా వాడిన టైరు తెచ్చింది. దాంతో తడి రోడ్డు మీద పట్టును కాపాడుకుంటూనే ఇంధనం ఆదా చేయడం కుదిరింది. కొలత మార్చేటప్పుడు చక్రం మొత్తం వ్యాసం మారకూడదు. 15 అంగుళాల రిమ్ము మీద 185/60 టైరు వ్యాసం 603 మి.మీ. దాని బదులు 16 అంగుళాల మీద 195/50 వేస్తే 601 మి.మీ. స్పీడోమీటరు లెక్క తప్పదు. సైడ్‌వాల్ మాత్రం 111 నుంచి 97 మి.మీ.కు తగ్గుతుంది. గుంత ఎదురైతే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి దారాలు తెగి, టైరు పక్కన బొడిపె లేస్తుంది. పెద్ద అలాయ్ రిమ్ము బరువైనదైతే గతుకుల మీద టైరు నేలను విడిచిపెట్టే సందర్భాలూ పెరుగుతాయి. మన రోడ్ల మీద ఒక అంగుళం పెంచడమే హద్దు అనుకోవడం మేలు. కొత్త టైరు బరువు సూచిక పాతదాని కన్నా తగ్గకూడదు. 84 అని ఉంటే ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదు. దాని పక్కన ‘హెచ్’ అక్షరం గంటకు 210, ‘వి’ అక్షరం 240 కిలోమీటర్ల వేగానికి గుర్తు.

నైట్రోజన్ నింపడం గురించి ప్రచారం ఎక్కువ. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. రోడ్డు కారుకు దానివల్ల వచ్చే తేడా స్వల్పం. టైరు చల్లగా ఉన్నప్పుడు తలుపు పక్కనున్న స్టిక్కరు ప్రకారం గాలి చూసుకోవడమే అంతకన్నా ఎక్కువ పనిచేస్తుంది. రన్‌ఫ్లాట్ టైరు గాలి పూర్తిగా పోయినా గట్టి సైడ్‌వాల్‌తో గంటకు 80 కి.మీ. వేగానికి మించకుండా సుమారు 80 కి.మీ. దాకా తీసుకెళ్తుంది. ఆ గట్టిదనం వల్ల కుదుపు పెరుగుతుంది. టైరు గాలిని కనిపెట్టే పరికరం, పంక్చర్ కిట్ ఉంటే కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. కిట్‌లోని ద్రవం మేకు రంధ్రాన్ని మూస్తుంది, చిరిగిన సైడ్‌వాల్‌ను మాత్రం ఏమీ చేయలేదు. పొట్టి సైడ్‌వాల్ టైర్లున్న కారులో, ఊళ్లకు దూరంగా తిరిగేవాళ్లు స్టెప్నీ ఉంచుకోవడమే మంచిది.

టైరు ఆయుష్షును రెండు గుర్తులు చెబుతాయి. గాడిలోపల ఉబ్బెత్తు గుర్తుకు ట్రెడ్ సమంగా వచ్చిందంటే లోతు 1.6 మి.మీ.కు చేరినట్టే, ఇక అది చట్టప్రకారం చెల్లదు. రెండోది సైడ్‌వాల్ మీది నాలుగంకెల ముద్ర. 2322 అని ఉంటే ఆ టైరు 2022 సంవత్సరం 23వ వారంలో తయారైంది. రబ్బరు వాడకపోయినా గట్టిపడి పగుళ్లిస్తుంది కాబట్టి, తక్కువ ధరకు వస్తోందని పాత సరుకు కొనేముందు ఈ అంకెలు చదవాలి.