ఇంచుమించు సరిపోయే స్క్రూ

ఊరూరా ఉండే సైకిలు రిపేరు దుకాణాల్లో ఒక పాత రేకు డబ్బా తప్పక కనిపిస్తుంది. విప్పిన ప్రతి సైకిలు నుంచీ మిగిలిపోయిన స్క్రూలు, నట్లు, బోల్టులు, వాషర్లు అందులో చేరుతూ ఉంటాయి. వెనుక మడ్‌గార్డు కడ్డీ ఊడిపోయిందని ఎవరైనా వస్తే, మెకానిక్కు ఆ డబ్బాను కెలికి, కంటికి సరిపోతుందని తోచిన స్క్రూను తీసి బిగిస్తాడు. అది రెండు చుట్లు తిరిగి ఆగిపోతే స్పానరుతో బలవంతంగా తిప్పుతాడు. వదులుగా ఉంటే కాస్త దారం చుట్టి తిప్పుతాడు. పని అప్పటికి జరిగిపోతుంది, సైకిలు కదులుతుంది. కాని ఆ నిమిషంలో సైకిలు ఫ్రేముకు జరిగిన హాని ఎటువంటిదో సైకిలు యజమానికి తెలియదు.

బొత్తిగా సరిపోని స్క్రూతో ప్రమాదం లేదు. అది రంధ్రంలోకి పోదు కనుక పక్కన పడవేస్తాము. ప్రమాదమంతా ఇంచుమించు సరిపోయే స్క్రూతోనే వస్తుంది.

మన దేశంలో పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, బట్టల మూటలు, బడికి వెళ్లే పిల్లలు సైకిలు క్యారియరు మీద ప్రయాణం చేస్తూ ఉంటారు. ఆ బరువును ఫ్రేముకు పట్టి ఉంచేవి చిటికెన వేలి గోరంత మందమైనా లేని కొద్దిపాటి స్క్రూలు. రోడ్డు గతుకుల్లో వాటిలో ఒకటి ఊడిపోతే క్యారియరు ఒక పక్కకు ఒరిగి, దాని కడ్డీ చక్రం చువ్వల మధ్యకు దూరవచ్చు. ముందు మడ్‌గార్డు స్క్రూ ఊడిపోతే ఆపద మరీ ఎక్కువ. కడ్డీ చిక్కుకొని ముందు చక్రం హఠాత్తుగా ఆగిపోతే, తొక్కేవాడు హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు.

మూడు కొలతలు

ఏ స్క్రూనైనా మూడు కొలతలతో గుర్తించాలి. మొదటిది మందం, అనగా వ్యాసం. రెండవది ఒక మర అంచుకూ, దాని పక్క మర అంచుకూ మధ్యనున్న దూరం. మూడవది పొడవు. వీటిలో రెండవదానిని కంటితో చూసి పోల్చుకోవడం కష్టం కనుక చాలామంది దానిని లెక్కలోకి తీసుకోరు. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

ఈనాటి గేర్ల సైకిళ్లలో క్యారియరు, మడ్‌గార్డు, నీళ్ల సీసా స్టాండు బిగించడానికి ఫ్రేములోనే మరలు కోసిన రంధ్రాలు ఉంటాయి. వాటిలో అత్యధికం ‘ఎం5’ కొలతవి. ‘ఎం’ అన్న అక్షరం మెట్రిక్ పద్ధతిని సూచిస్తుంది. 5 అంటే వ్యాసం 5 మిల్లీమీటర్లు. మరల మధ్య దూరం 0.8 మిల్లీమీటరు. అంటే స్క్రూను ఒక పూర్తి చుట్టు తిప్పితే అది 0.8 మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. కొన్ని బరువైన క్యారియర్లకు ‘ఎం6’ వాడతారు. దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు.

ఇక ఇంచుమించు సరిపోయేవాటి సంగతి చూద్దాం. అంగుళంలో 16వ వంతులు మూడు మందం గల పాత బ్రిటిషు స్క్రూ వ్యాసం 4.76 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే ఎం5 స్క్రూకూ దీనికీ తేడా కనిపించదు. కాని దీనికి అంగుళానికి 24 మరలే; మరల మధ్య దూరం 1.06 మిల్లీమీటర్లు. ఎం5 రంధ్రంలో ఇది ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. అక్కడ బలం ఉపయోగిస్తే ఫ్రేములోని మరలు తెగిపోతాయి.

అమెరికా పద్ధతిలో అంగుళానికి 32 మరలున్న 10వ నంబరు స్క్రూ ఇంకా మోసకారి. దాని వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 0.79 మిల్లీమీటరు. ఎం5 రంధ్రంలోకి అది సాఫీగా దిగిపోతుంది. బిగిసినట్లే తోస్తుంది కూడా. కాని వ్యాసం తక్కువ కావడం వల్ల మరల అంచులు పూర్తిగా పెనవేసుకోవు. బరువు పడి, సైకిలు అదిరినప్పుడు పట్టు జారిపోతుంది.

బ్రిటిషు నమూనాలో తయారైన పాత నల్ల సైకిళ్లలో క్యారియరు కాళ్లను వెనుక ఇరుసుకు తొడిగి నట్టుతో బిగిస్తారు. బ్రిటిషు సైకిలు మరలు అంగుళానికి 26 చొప్పున ఉంటాయి. 9.5 మిల్లీమీటర్ల అటువంటి ఇరుసు మీద 10 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్టు ఎక్కితే ఎక్కుతుంది. అయితే మరలు పైపైన తగులుతాయే తప్ప గట్టిగా పట్టవు. అక్కడ జారేది క్యారియరు ఒక్కటే కాదు, చక్రం కూడా.

ఇన్ని కొలతలు ఎందుకు?

19వ శతాబ్ది తొలి దశకాలలో ప్రతి కర్మాగారం తనకు తోచిన కొలతతో మరలు కోసేది. ఒకచోట చేసిన బోల్టుకు మరొకచోట నట్టు దొరికేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆంగ్ల ఇంజనీరు అనేక కర్మాగారాల స్క్రూలను సేకరించి, వాటి సగటు ఆధారంగా 1841లో ఒక ఉమ్మడి పద్ధతిని ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలని నిర్ణయించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో వేరొక పద్ధతిని ప్రవేశపెట్టాడు. యూరప్ ఖండంలో మెట్రిక్ మరలు వ్యాపించాయి.

ఈ తేడాల ఫలితం ఎంత దారుణంగా ఉండగలదో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం చూసింది. నగరం తగలబడుతూ ఉంటే ఇతర నగరాల నుంచి అగ్నిమాపక దళాలు తరలివచ్చాయి. కాని వారి గొట్టాల మరలు బాల్టిమోర్ నీటి కుళాయిల మరలకు కలియలేదు. మనుషులు, యంత్రాలు, నీరు అన్నీ ఉండి కూడా వచ్చినవారిలో అనేకులు చేయగలిగింది తక్కువ. సుమారు 1,500 భవనాలు బూడిదయ్యాయి.

మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ కొలతలకు మారింది. అయినా అంగుళాల లెక్కన చేసిన బోల్టులు హార్డ్‌వేరు దుకాణాల్లో నేటికీ దొరుకుతాయి. పాత సైకిళ్లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రేకు డబ్బాలో రెండు జాతులూ కలిసిపోవడానికి కారణం ఇదే.

సరైనదాన్ని ఎంచుకోవడం ఎలా?

ఫ్రేముతో పాటు వచ్చిన స్క్రూ ఏదైనా ఉంటే అదే అన్నిటికన్నా మంచి నమూనా. దానినీ, కొనబోయే స్క్రూనూ మరలు ఎదురెదురుగా ఉండేలా ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. మరలు ఒకదానిలో ఒకటి చివరి వరకు ఇమిడి, మధ్య నుంచి వెలుగు కనిపించకపోతే అవి ఒకే జాతివి. నమూనా లేనప్పుడు స్కేలు మీద పెట్టి పది మరల దూరం కొలవండి. ఎం5 అయితే సరిగ్గా 8 మిల్లీమీటర్లు వస్తుంది.

పొడవుకు కూడా లెక్క ఉంది. స్క్రూ ఫ్రేములోకి కనీసం తన వ్యాసమంత, అంటే ఎం5 అయితే ఆరు చుట్లకు తక్కువ కాకుండా దిగాలి. క్యారియరు పట్టీ 4 మిల్లీమీటర్లు, వాషరు 1 మిల్లీమీటరు ఉంటే 10 నుంచి 12 మిల్లీమీటర్ల స్క్రూ చాలును. అవసరానికి మించిన పొడవు కూడా చేటే. వెనుక కుడివైపున లోపలికి పొడుచుకొని వచ్చిన కొన, గొలుసుకో పళ్లచక్రానికో తగులుతుంది.

కొత్త ఫ్రేముల్లో రంధ్రపు మరలలో రంగు గడ్డకట్టి ఉండవచ్చు. సరైన స్క్రూ కూడా అప్పుడు బిగుతుగా తోస్తుంది. ఎం5 ట్యాపును చేతితో మెల్లగా తిప్పి శుభ్రం చేయించాలి. స్క్రూకు కొద్దిగా గ్రీజు పూస్తే తుప్పు పట్టదు. మళ్లీ విప్పడం తేలిక. సముద్రతీర ప్రాంతాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడడం మేలు. మరలు అప్పటికే పోయి ఉండి, రంధ్రం అవతలి వైపుకు తెరిచి ఉంటే, పొడవైన స్క్రూ వేసి అవతల నైలాన్ నట్టు బిగించవచ్చు. రంధ్రాలే లేని ఫ్రేముకు లోపల రబ్బరు ఉన్న పట్టీ క్లిప్పులు వాడాలి గాని, ఫ్రేము గొట్టానికి కొత్తగా రంధ్రం వేయకూడదు. గొట్టం అక్కడ బలహీనమై పగులుతుంది.

బిగించిన మొదటి కొద్ది రోజుల్లో ఒకసారి, ఆ తరువాత నెలకొకసారి ప్రతి స్క్రూనూ పరీక్షించాలి. ఒక స్క్రూ ఖరీదు కొద్ది రూపాయలు. మరలు పోయిన ఫ్రేమును బాగుచేయించడానికి అయ్యే ఖర్చు, శ్రమ దానికి ఎన్నో రెట్లు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమానికి ఏ పరికరమూ అక్కరలేదు. సరైన స్క్రూ మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తేలికగా తిరుగుతుంది. అటూ ఇటూ ఊగదు. వేళ్లకు లొంగని స్క్రూను గాని, వేళ్ల మధ్య ఊగులాడే స్క్రూను గాని వెంటనే వెనక్కి తీయండి. వేళ్లు ఒప్పుకున్న తరువాతనే స్పానరు చేతికి తీసుకోవాలి.