సీటొచ్చింది, రూమేదీ?

పీజీ కౌన్సెలింగ్ అయిన వారంలో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ దగ్గరి వారాసిగూడ సందుల్లో తిరిగితే ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. భుజాన తువ్వాలుతో తండ్రి, పక్కన కూతురు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లు. టు లెట్ బోర్డున్న గేటు దగ్గర ఆగుతారు. ఇంటావిడ మొదట ఎంతమంది ఉంటారని, తర్వాత రెండు నెలల అడ్వాన్సు ఇవ్వగలరా అని అడుగుతుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘మీరేమోళ్లు?’ అంటుంది.

సీటు రావడం ఒక ఎత్తు, నిలదొక్కుకోవడం ఇంకో ఎత్తు. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, బీసీలకు 29 శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్టీల కోటా 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కే పిల్లలు ఉస్మానియాకు వస్తున్నది ఈ దారినే. వచ్చాక హాస్టల్ దొరికేదాకా రూమే గతి. అది కూడా దొరకనివాళ్లు తెలిసినవాళ్ల హాస్టల్ గదిలో నాన్ బోర్డర్లుగా నేలమీద చాప పరుచుకుంటారు. ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్, మెస్సుకు స్కాలర్‌షిప్ ఉన్నాయి, నిజమే. కానీ ఆ డబ్బు ఆలస్యమైతే అప్పు చేసేది ఊళ్లోని తండ్రే.

డబ్బుకన్నా గట్టిగా తగిలే దెబ్బ భాషది. చదువు మన దేశభాషలోనే సాగాలన్న పెద్ద ఆలోచనతో 1918లో ఉస్మానియా పుట్టింది. ఎంచుకున్న భాష మాత్రం ఉర్దూ. నిజాం రాజ్యంలో ఎక్కువ ఇళ్లలో వినిపించినవి తెలుగు, మరాఠీ, కన్నడం. 1948లో ఆ రాజ్యం భారత్‌లో కలిశాక ఉర్దూ స్థానంలో ఇంగ్లిష్ వచ్చింది. గడప మారలేదు, గడప మీది భాష మారిందంతే. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు మొదటి సెమిస్టరంతా క్లాసులో వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. ఇంట్లో గోండి మాట్లాడే ఆదిలాబాద్ పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. ఆ మౌనాన్ని తెలివితక్కువతనం అనుకోవడం ఘోరమైన అన్యాయం.

ఇళ్లలో స్పానిష్ వినిపించే లాటినో కుటుంబాల పిల్లలది అమెరికాలో ఇదే కథ. డిగ్రీ విద్యార్థుల్లో కనీసం నాలుగోవంతు వాళ్లే ఉన్న విద్యాసంస్థలను అక్కడి చట్టం 1992లో ప్రత్యేకంగా గుర్తించింది. అలాంటి చోట్ల ట్యూషన్లకూ కౌన్సెలింగుకూ విడిగా నిధులిచ్చే ఏర్పాటు చేశారు. పిల్లవాణ్ని చేర్చుకున్న సంస్థే వాణ్ని గట్టెక్కించాలన్నది అందులోని న్యాయం. మన దగ్గర ఆ పని ఎక్కువగా సీనియర్లే చేస్తున్నారు. ఫారం నింపిపెట్టేది, నోట్సు తెలుగులో విడమరిచి చెప్పేది, మెస్సులో తమ ప్లేటులోంచి సగం పెట్టేది వాళ్లే. మొదటి సెమిస్టర్లో రోజుకో గంట భాషా తరగతి, చేరిన రోజే హాస్టల్లో మంచం ఇవ్వడం యూనివర్సిటీకి మోయలేని భారమేమీ కాదు.

వారాసిగూడలో టు లెట్ బోర్డు పెట్టిన అమ్మలకూ అయ్యలకూ ఒక్క మనవి. ఎంతమంది ఉంటారో అడగండి, అడ్వాన్సూ అడగండి. ఆ మూడో ప్రశ్న మాత్రం అడక్కండి.