అడవి కాపుదల: హిమా, వక్ఫ్

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయేవారికి తూర్పున నల్లమల కొండలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ వాలున పడిన వాన వాగులై దిగి కుందూనదిలో కలుస్తుంది. అడవి పలచబడితే ఆ నీరు నేలలో ఇంకక మట్టిని కోసుకొనిపోతుంది.

ఈ అడవిని కాపాడవలసినది ఎవరు? చాలాకాలం ప్రభుత్వమే అనుకున్నాము. 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్షీణించిన అడవుల రక్షణలో గ్రామస్థుల వన సంరక్షణ సమితులకు బాధ్యతను, ఫలసాయంలో వాటాను కల్పించింది. తాము సంప్రదాయంగా కాపాడుకొంటున్న అడవిని సంరక్షించుకొనే హక్కును చెంచుల వంటి అటవీవాసులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది.

పని చూడడానికి చిన్నది. నరికిన మోడు చాలావరకు చావదు. తొలకరికి గుబురుగా పిలకలు వేస్తుంది. బలమైన ఒకటి రెంటిని నిలిపి తక్కినవి తీసివేస్తే, నాటకుండానే చెట్టు లేస్తుంది; తీసినవి వంటచెరకవుతాయి. వేసవిలో నిప్పు ప్రాకకుండా ఆకు అలము ఊడ్చి బాటలు తీయాలి, చిగురు ఎదిగేదాక మేకలను ఆపాలి. మొక్క నాటి ఫోటో తీయించుకొనేవారికి ఇది రుచించదు గాని, తునికి, నల్లమద్ది, చండ్ర తిరిగి రావడానికి ఇదే చౌకైన దారి.

మూలాన్ని నిలిపి ఫలాన్ని పంచడమే వక్ఫ్. ఖైబర్‌లోని తన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) అలాగే ఇచ్చారు. అయితే వక్ఫ్ చేసేవాడు ఆస్తికి యజమాని అయి ఉండాలి. రిజర్వు అడవి ప్రభుత్వానిది. కనుక మనం ఇవ్వగలిగినది శ్రమ, కాపలా, ధనం, అనగా సదఖా.

ఇంతకంటె దగ్గరి పోలిక హిమా. అజ్ఞానకాలంలో బలవంతులైన నాయకులు మంచి మేతభూములను తమకే బిగించుకొనేవారు. దైవప్రవక్త (స) దానిని రద్దు చేసి, హిమాను ప్రజాహితానికే పరిమితం చేశారు. తరువాత ఖలీఫా ఉమర్ (రజి) ఒక హిమాకు హునై అనే సేవకుని నియమించినప్పటి ఆదేశం సహీహ్ బుఖారీలో ఉన్నది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని రానివ్వమన్నారు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం ఆపమన్నారు. వారి పశువులు చచ్చినా తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చస్తే అతడు పిల్లలతో తన గుమ్మంలో నిలుస్తాడని కారణం చెప్పారు. ఆపబడిన ఆ ఇద్దరూ గొప్ప సహాబీలని మరువరాదు!

అడవికి అడ్డు కట్టినప్పుడు మొదట ఆగేది తలమోపు కట్టెలు తెచ్చుకొనే స్త్రీ, పది మేకలవాడు. ఎర్రచందనం దుంగలను లారీ కెక్కించేవాడు కాదు. ఈ ప్రాంతంలో ఏ ధర్మసంస్థ అడవిపనికి పూనుకొన్నా, ఏ వాలు ఏ యేడు మూసి ఉంచాలో, ఎవరి మేకలకు ఎక్కడ దారి వదలాలో ముందు ఊరివారితో కూర్చుని వ్రాసుకోవాలి. మూసిన యేళ్లలో ఆ పదిమేకలవానికి మేత కొనిపెట్టే ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి.