అలంకార కాంక్రీటు

ఇంటి వాకిలి, నడవ, వసారా, పెరడు, మెట్లు మొదలైన చోట్ల కాంక్రీటు పైభాగానికి రంగునో, గరుకుదనాన్నో, రాయి లేక ఇటుక వంటి రూపాన్నో కల్పించే పద్ధతులను అలంకార కాంక్రీటు అంటారు. వర్షాలు అధికంగా కురిసే ప్రాంతాలలో దీనిని ఎన్నుకొనేటప్పుడు అందం కంటె ముందుగా రెండు విషయాలు చూడవలెను. అవి తడిసినపుడు కాలు జారకుండుట, నీరు నిలువకుండుట. ముఖ్యంగా వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఇది అలంకారానికి మించిన విషయం.

రకాలు

* ఎర్ర గచ్చు: సిమెంటులో ఐరన్ ఆక్సైడు కలిపి, పైభాగాన్ని నునుపుగా రుద్ది చేస్తారు. కేరళలోను, తెలుగునాట పాత ఇళ్ళలోను కనిపిస్తుంది. గదులకు చల్లగా, అందంగా ఉంటుంది. వాన జల్లు పడే చోట మాత్రం తగదు.
* చీపురు గీతలు: కాంక్రీటు గట్టిపడక ముందే నడిచే దిశకు అడ్డంగా గట్టి చీపురుతో గీతలు గీస్తారు. ఖర్చు తక్కువ, పట్టు ఎక్కువ. వాలుదారులకు, మెట్లకు అనువైనది.
* కంకర తేలిన కాంక్రీటు: పై పొరలోని సిమెంటును కడిగివేసి గులకరాళ్ళు పైకి కనబడేటట్లు చేస్తారు. తడిసినా పట్టు ఉంటుంది.
* అచ్చు కాంక్రీటు: పచ్చి కాంక్రీటుపై రబ్బరు అచ్చులు నొక్కి రాతి పలకల రూపం తెస్తారు. పైన మెరిసే పూత వేసినచో జారుతుంది. అందువలన పూతలో సన్నని గరుకు పొడి కలుపుతారు.
* ఆమ్లపు రంగులు: లోహ లవణాలు కాంక్రీటులోని సున్నంతో చర్య జరిపి గోధుమ, ఆకుపచ్చ ఛాయలనిస్తాయి.

వర్షం వలన కలిగే సమస్యలు

నీడ, తేమ ఉన్న చోట పాకుడు పడుతుంది. నీరు ఇంటి గోడ నుండి బయటకు పోవునట్లు మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాలు ఇవ్వవలెను.

రంగు కాంక్రీటుపై ఏర్పడే తెల్లని పొరను చూసి రంగు వెలిసినదని పలువురు భావిస్తారు. నిజానికి లోపలి కాల్షియం హైడ్రాక్సైడు నీటితో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారుట దీనికి కారణం. ముదురు రంగులపై ఇది స్పష్టంగా కనబడుతుంది. ఐరన్ ఆక్సైడు రంగులు ఎండకు, వానకు తట్టుకుంటాయి.

పని చేయు విధానం

పచ్చి కాంక్రీటుపై వాన కురిస్తే పై పొర బలహీనమవుతుంది. నిలిచిన నీటిని పీల్చుటకు మేస్త్రీలు పొడి సిమెంటు చల్లుట కద్దు. దీనివలన పై పొర తరువాత పెచ్చులుగా ఊడిపోతుంది. టార్పాలిన్ సిద్ధంగా ఉంచుకొనుట మేలు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచవలెనని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 చెబుతున్నది.

సీలరును కాంక్రీటు బాగా ఆరిన తరువాతనే, సాధారణంగా 28 రోజులకు, వేస్తారు. పైన పొరగా ఏర్పడే అక్రిలిక్ రకం మెరుపునిస్తుంది, కాని అడుగున తేమ చిక్కుకుంటే తెల్లబారుతుంది. లోనికి ఇంకే సిలేన్, సిలోక్సేన్ రకాలు మెరుపునివ్వవు, జారుడును పెంచవు. ఆరుబయట ఇవే మేలు.

నిర్వహణ

వర్షాకాలానికి ముందు, తరువాత గట్టి బ్రష్షుతో రుద్ది పాకుడు తీయవలెను. ఆమ్లంతో కడిగితే కాంక్రీటు పైభాగం తినివేయబడుతుంది. పొరగా ఏర్పడే సీలరును కొన్నేళ్ళకొకసారి తిరిగి వేయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కాంక్రీటు
* సిమెంటు